చింతపండుతోని తోమిన సొమ్ముల పెట్టె

ఖాళీ పెట్టెలు పైసలు పెట్టి కొనేటోళ్ళు ఉంటరని నాకు యాభై ఏండ్లు దాటేదాక తెల్వదు.

మా ఇంట్ల పెట్టె అన్నదే లేకుండె. మా అమ్మకు ఉన్న సొమ్ములు రెండు వెండి కడియాలు, ఒక సన్న గొలుసు. వాటిని పాత చీర ముక్కల మూటగట్టి జొన్నల కుండ అడుగుకు దోపుతుండె. పండుగకు తొడుక్కోవాలంటే కుండల జొన్నలన్ని చాటల్లకు వంచాలె. మా అమ్మ కడియాలు పెట్టుకున్ననాడు ఆమె కాళ్ళకు జొన్న దుమ్ము అంటి ఉంటుండె. పెట్టె అంటే ఉన్నోళ్ళ ఇంట్ల ఉండేది, మనం ముట్టనిది, గంతే.

చౌటుప్పల్ దగ్గర ఒక మందుల కంపెనీల పదకొండేండ్లు ఊడ్చిన. ఆ వాసనకు దగ్గు పట్టుకున్నది. దవాఖానల డాక్టరమ్మ "ఆ పని మానెయ్" అన్నది. మానేసి రెండు నెలలు ఇంట్ల కూసున్న. అప్పుడు హైవే పక్కన రేకుల షెడ్డుల పాత సామాన్ల దుకాణం పెట్టినాయన, తుడిచేటందుకు ఒక ఆడమనిషి కావాలన్నడని తెలిస్తే పోయిన.

ఆయన మొదలు వడ్ల పని, అంటే కట్టె పని చేసినాయన. చేతులు వణుకుడు మొదలైనంక బాడిసె పక్కకు పెట్టి ఈ దుకాణం పెట్టుకున్నడు. ఊర్లల్ల పాత ఇండ్లు కూలగొట్టి స్లాబులు పోసుకుంటున్నరు కదా. ఆయన ట్రాలీ ఆటో కిరాయికి తీసుకొని ఆత్మకూర్ దిక్కు, పోచంపల్లి దిక్కు తిరిగి, కూలుతున్న ఇండ్లల్ల నుంచి దర్వాజలు, దూలాలు, ఉయ్యాల బల్లలు, పెట్టెలు పట్టుకొస్తడు. హైదరాబాద్ నుంచి కార్లల్ల వచ్చేటోళ్ళు కొనుక్కపోతరు. నన్ను చెల్లె అంటడు, నేను అన్న అంట.

"చెల్లె, నీ పని ఒకటే," అన్నడు మొదటిరోజు. "దుమ్ము దులుపు, పొడి బట్టతోని తుడువు. ఏదన్న ఊడిపోతే నాకు చెప్పు, నువ్వు అతికియ్యకు."

దర్వాజలు, దూలాలు నాకు కొత్త కాదు, కూలికి పోయిన ఇండ్లల్ల చూసినయే. నన్ను ఆపింది పెట్టెల రాకు. గోడ పొడుగూత ఇనుప అరల రాకు, దాని నిండ సొమ్ముల పెట్టెలు. మూలలకు ఇత్తడి పట్టీలు కొట్టిన టేకు పెట్టెలు. కేరళ నుంచి ఎట్లనో మన దిక్కు చేరిన ఒకటి, దాని మూత ఇంటి కప్పు లెక్క నాలుగు దిక్కుల వాలి ఉంటది. బీదర్ పెట్టె ఒకటి, కాటుక లెక్క నలుపు, దాని మీద వెండి తీగెతోని పూలు. లోపల ఎర్ర మఖ్మల్ అంటించిన దొరసానుల పెట్టె, దాని నాలుగు కాళ్ళు పులి పంజాలు. ఒకదానికి కింద చాబీ ఉన్నది. తిప్పితే పాట వస్తది. సగం పాట వచ్చి, తట్టుకున్నట్టు ఆగి, మళ్ళ మొదటికి పోతది. మిగిలిన సగం ఏంటిదో అని నేను ఆ చాబీ ఎన్నిసార్లు తిప్పిన్నో లెక్క లేదు.

"స్ప్రింగు పోతది, ఆపు," అంటుండె అన్న.

"ఇవి కొనుక్కపోయి లోపల ఏం పెడ్తరన్నా?"

"ఏం పెట్టరు."

"సొమ్ములు?"

"సొమ్ములు బ్యాంకు లాకర్ల ఉంటయ్. ఇవి టీవీ పక్కన పెట్టుకుంటరు. వచ్చిపోయేటోళ్ళు చూస్తరు."

"ఖాళీ పెట్టెనా?"

"మూత పెట్టి ఉంటది కదా చెల్లె, ఖాళీనో కాదో ఎవలు చూడవొచ్చిరి."

ఆ జవాబు నాకు సాలలే. ఏం పెట్టనిదానికి పెట్టె ఎందుకు అన్నది చెవుల చొచ్చిన పురుగు లెక్క తిరుగుతనే ఉండె.

నిజానికి పెట్టెలు పూర్తిగ ఖాళీగ కూడ రావు. ఊర్లల్ల ఏ ఆడమనిషి కూడ సొమ్ముల పెట్టెను ఒట్టిగ చెయ్యి దాటనియ్యదు. అమ్మేటప్పుడు కూడ ఒక పసుపుకొమ్మో, రెండు వక్కలో వేసి ఇస్తది. అవి కాక, ఆమెకే తెల్వకుండ మిగిలిపోయినయి ఉంటయ్. మూలలకు ఇరికిన గాజు ముక్క, నల్లపూస, ముక్కుపుల్ల శీల, బిడ్డ పాలపన్ను. నేను ఒక స్టీలు గిన్నె పక్కన పెట్టుకొని ఒక్కొక్కటి ఏరి వేస్తుంటి. అద్దం పోయిన టేకు పెట్టె ఒకదానికి ఆ అద్దాన్ని ఆనించే చెక్కకు మూడు గాట్లుంటే, అన్నిటికంటె కింది గాటు మాత్రమే అరిగి నున్నగైంది. ఆమె కింద కూసొని బొట్టు పెట్టుకున్నది కావచ్చు, లేకుంటె పొట్టిది కావచ్చు. గిట్ల ఒక్కొక్క పెట్టె కాడ నేను ఆలోచించుకుంట నిలబడితే అన్న దూరం నుంచి చూసి, "పెట్టె నిన్ను తుడుస్తున్నదా, నువ్వు పెట్టెను తుడుస్తున్నవా?" అంటుండె.

అక్షరాలు వచ్చింది కూడ అప్పుడే. మా కోడలు పదోది పాసైంది. సాయంత్రం రొట్టెలు చేసుకుంట పీట మీద పిండి పరిచి, దాని మీద వేలుతోని రాసి చూపెడుతుండె. "అత్తమ్మా, తలకట్టు మర్చిపోయినవ్ మళ్ళ. అక్షరాన్ని బోడిగుండుతోని బయటికి తోలుతవా?" అని నన్ను ఎక్కిరిచ్చేది. నాకు కోపం వచ్చేది. కని మర్నాడు దుకాణంల పెట్టె మూత తెరిస్తే, అడుగున అతికిన పాత పేపరు ముక్కల మీద రెండు అక్షరాలు తెలిసినోళ్ళ లెక్క కనపడుతుండె.

చాన పెట్టెలకు అడుగున పేపరు అతికిచ్చి ఉంటది. నేను చదువు నేర్చిన పుస్తకం అదే. ఒక పెట్టెల, బావిల పడ్డ ఎద్దు గురించి ఉండె. ఊరోళ్ళంత కలిసి తాళ్ళు కట్టి గుంజుతున్నరు. చదువుడు పూర్తి చేసేటందుకు నాకు మూడు రోజులు పట్టింది. చివరకు పోతే అక్కడ కాగితం కత్తిరిచ్చి ఉన్నది. ఎద్దు బయటికి వచ్చిందో లేదో ఇప్పటికి తెల్వదు. అన్నను అడిగితే, "గా ఎద్దు వచ్చినా ఇప్పటిదాక ఉంటదా?" అన్నడు.

ఒకరోజు అన్న పోచంపల్లి నుంచి ఒక పెట్టె తెచ్చిండు. చేనేత చేసే ఇంటిది. జానెడు పొడుగు, లోపల చెక్క, బయట మొత్తం ఇత్తడి రేకు. మూత మీద నాలుగు చిలుకలు, నడుమ తామరపువ్వు. గొళ్ళెం చేప లెక్క ఉన్నది. కని ఇవన్ని దగ్గరపెట్టుకొని చూస్తేనే కనపడతయ్. పెట్టె పెట్టెంత నల్లగ, జిడ్డు పట్టి, నల్లదాని కింద నుంచి అక్కడక్కడ ఎరుపు కొడుతుండె. లోపల పసుపుకొమ్ము ఒకటి ఉన్నది. మూలల ఎర్ర నూలు పోగు ఇంత.

"ఇది ఆ మేడం కోసం," అన్నడు అన్న. "ఆదివారం వస్తది."

ఆ మేడం మా దుకాణానికి అన్నిటికంటె పెద్ద గిరాకి. హైదరాబాద్ల ఉంటది. ఆమె ఇంట్ల ఇసొంటి పెట్టెలు నూరుకు పైన ఉన్నయని అన్న చెప్తుండె. ఆమె వచ్చిందంటే అన్న ఇస్త్రీ అంగీ తొడుగుతడు. ఆమె మెచ్చితే ఆమె దోస్తులు వస్తరు, లేకుంటె ఆ నెలంత దర్వాజలు అమ్ముకోవాలె.

బేస్తవారం అన్న ఆత్మకూర్ దిక్కు పోయిండు. దుకాణంల నేనొక్కదాన్నే. ఆ పెట్టె ముంగట పెట్టుకొని కూసున్న. పెద్దమనిషి వచ్చి చూసేది, గింత నల్లగ ఎట్ల చూపెడతరు అనిపించింది. మా ఇండ్లల్ల ఎవరన్న వస్తున్నరంటే మొదలు ఇత్తడి బిందెలు తోముతం. నల్ల ఇత్తడి ముంగట పెట్టుడంటే ఇంటి ఆడదానికి సిగ్గు. మా అమ్మకు ఉన్నది ఒక్కటే ఇత్తడి చెంబు, దాన్ని కూడ దసరకు ముంగట చింతపండుతోని తోమి ఎండల బోర్లిస్తుండె. పొడి బట్ట అని అన్న చెప్పిన మాట నాకు యాది ఉన్నది. కని అది చెక్కకు చెప్పిండు, ఇత్తడికి కాదు అనుకున్న. అన్న వచ్చేసరికి మెరిసేటట్టు చేస్తే సంతోషపడతడు అనుకున్న.

టిఫిన్ డబ్బల తెచ్చుకున్న పచ్చిపులుసుల పిసికిన చింతపండు ఉండె. పక్కన కట్టుబడి నడుస్తుంటే అక్కడ నుంచి ఒక ఇటుక ముక్క తెచ్చి పొడి కొట్టిన. కొబ్బరి పీచుతోని రుద్దిన. మొదలు పచ్చగ నీళ్ళు కారినయ్, తర్వాత నల్లగ, తర్వాత ఎర్రగ. రెండు గంటలు రుద్దిన. జబ్బలు నొచ్చినయ్. కడిగి ఎండల పెడితే కండ్లు చెదిరినయ్. కొత్త బిందె కూడ గట్ల మెరవదు. చిలుకలు నాలుగు ఒక్కసారి లేచి కూసున్నట్టు ఉన్నయ్. లోపల మాత్రం నీళ్ళు తగిలితే చెక్క ఉబ్బుతదని ముట్టలే.

అన్న సాయంత్రం వచ్చి, ట్రాలీ దిగి, పెట్టె దిక్కు చూసి, కుర్చీల కూసున్నడు. నేను నవ్వుకుంట నిలబడ్డ.

"ఏంతోని తోమినవ్?"

"చింతపండు, ఇటుక పొడి."

"ఇటుక పొడి," అన్నడు నెమ్మదిగ. పెట్టెను తీసుకొని మూతను వెలుగుకు పట్టిండు. "చూడు. ముక్కులు ఏవి?"

చూసిన. చిలుకల ముక్కుల గీతలు అరిగిపోయినయ్. ఈకల గీతలు కూడ సగం లెవ్వు.

"ఆ నలుపు మురికి కాదు చెల్లె. అది నూరేండ్లు పట్టి వచ్చిందాయె. ఆ మేడం దానికే వస్తది. ఇత్తడి కావాలంటే ఆమె బేగంబజార్ పోయి కొత్తది కొంటది, ఇక్కడికెందుకు వస్తది?"

నేను ఆ ముక్కుల జాగల వేలు పెట్టి తడిమిన. నున్నగ తగిలింది.

"ఆదివారం ఆమె ఇది తీసుకున్నదా, బరాబర్. నేను మర్చిపోత, నువ్వు మర్చిపో. తీసుకోలేదా, నువ్వు ఇంకో పని చూసుకో. నేను పరేషాన్ పడేటందుకు మనిషిని పెట్టుకోలే."

ఆ మాట పెద్దగ అనలే. పెద్దగ అంటే మళ్ళ తగ్గుతడు అనుకునేదాన్ని. మళ్ళ కంపెనీ వాసనకు పోవుడంటే నాకు భయం. దానికంటె ఎక్కువ, ఆ రాకును వదిలిపోవుడు. అందుల నేను ఇంకా తెరవని పెట్టెలు, చదవని అడుగు కాగితాలు ఎన్నో ఉన్నయ్.

మర్నాడు పొద్దుగాల అన్ననే ఒక ఉపాయం చెప్పిండు. "గా పెట్టె అమ్మిన పోచంపల్లి అవ్వ కాడికి పో. దానికి జత పెట్టె ఏమన్న ఉందేమో అడుగు. వెనుకట పెండ్లికి జతగ ఇస్తుండిరి. ఉంటే తోముడు, తుడుచుడు ఏం వద్దు, ఉన్నది ఉన్నట్టు పట్టుకరా."

పెట్టె ఫోటో ఫోన్ల పెట్టుకొని బస్టాండు పోయిన. ఆడోళ్ళకు బస్సు ఫిరీ అయినంక సీటు దొరుకుడు కష్టమైంది. పోచంపల్లి అని బోర్డు నేనే చదివిన. చదివి కూడ, "పోచంపల్లి పోతదా?" అని కండక్టర్‌ను అడిగిన. ఆయన బోర్డు దిక్కు వేలు పెట్టి చూపెట్టిండు. "చదివిన గనీ," అన్న. "చదివినంక అడుగుడెందుకమ్మా?" అన్నడు. చదివింది నిజమో కాదో ఎట్ల తెలుస్తది, ఇంకొకలు చెప్తెనే కదా.

అవ్వ ఇల్లు దొరకబట్టుడు కష్టం కాలే. కొత్త స్లాబు ఇల్లు, ముంగటి అర్రల మగ్గం. కొడుకు మగ్గం మీద ఉన్నడు, నా దిక్కు తల ఊపి మళ్ళ పనిల పడ్డడు. అవ్వ గడపల కూసొని చిటికి కడుతున్నది. రంగుల ముంచే ముందు నూలుకు అక్కడక్కడ రబ్బరు పట్టీలు బిగియగట్టుడన్నట్టు. కట్టిన జాగల రంగు ఎక్కదు, అదే తర్వాత చీరల పువ్వైతది. సైకిల్ ట్యూబును సన్నగ కత్తిరిచ్చిన పట్టీలు ఆమె ఒళ్ళె కుప్ప. ఆమెకు డెబ్బై ఏండ్లు దాటి ఉంటయ్. గోర్లు పది నల్లగ ఉన్నయ్.

నేను వచ్చిన పని చెప్పి ఫోటో చూపెట్టిన. అవ్వ ఫోను దూరం పట్టి, దగ్గర పట్టి చూసింది.

"ఇది మాదేనా? నేను యాభై ఏండ్లు ఉంచుకుంటి, ఒక్కసారి గిట్ల తోమలే. మా అత్త చూస్తే నిన్ను కోడల్ని చేసుకుంటుండె."

"మా అన్న తిట్టిండు అవ్వా. నల్లగనే ఉండాల్నట."

"నల్లగ ఉండాల్నా?" అని కొడుకు దిక్కు తిరిగి, "విన్నవారా, నల్లగ ఉన్నయే కావాల్నట. ఇంకో నాలుగు గిన్నెలు ఉన్నయ్ వెనుక, తోమకుండ పెట్టిన," అన్నది. మగ్గం ఆగింది, ఆయన నవ్విండు, మళ్ళ మొదలైంది.

"జత పెట్టె ఉన్నదా అవ్వా?"

"జత లేదు, గిత లేదు. అదొక్కటే. మా అత్త తెచ్చుకున్నది."

నా మొకం చూసి ఆమెకు జర జాలి కలిగినట్టున్నది. నీళ్ళు ఇచ్చింది. నీళ్ళు తాగి, వచ్చినందుకన్న అడుగుదామని అడిగిన. "ఆ నలుపు ఎట్ల వచ్చింది అవ్వా? అంత నల్లగ మా దగ్గర ఏ పెట్టె లేదు."

"ఎట్ల వస్తది? చేతులతోని వస్తది." తన చేతులు ముంగట పెట్టింది. "మా అత్త కాలంల నూనె రుమాళ్ళు నేస్తుండిరి. నూలును నూనెల, బూడిద నీళ్ళల్ల రోజులకొద్ది నానబెట్టి పిసికేది. ఆ చేతులతోనే అన్నం వండేది, ఆ చేతులతోనే పెట్టె తీసేది. నేను వచ్చినంక రంగులు. ఎర్రది, నల్లది. చేతులు కడిగినా గోర్లల్ల ఉంటది చూడు. పెట్టె తీసినప్పుడల్ల కొంచెం దానికి పెట్టినం."

"అన్నిసార్లు తీస్తుండిరా? సొమ్ములు మస్తుగుండెనా?"

ఈసారి అవ్వ మంచిగ నవ్వింది. "సొమ్ములెక్కడియి బిడ్డా. ఉన్న రెండు ఒంటి మీదనే ఉండె. తీసి దాచేటన్ని ఎవలకున్నయ్? సొమ్ముల పెట్టె అని మీ దుకాణపాయన పెట్టిన పేరు. మేము దాన్ని ముక్కల డబ్బ అంటుంటిమి."

లేచి లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ బిస్కెట్ల డబ్బ తెచ్చింది. మూత తీసి నా ఒళ్ళె గుమ్మరిచ్చింది. అగ్గిపెట్టె అంత బట్ట ముక్కలు. వందలు ఉంటయ్. ఏనుగులు, పువ్వులు, మెట్లు మెట్ల గీతలు, అంచులు. కొత్త డిజైన్ నేసినప్పుడల్ల మొదటి చీర కొసన ఇంత కత్తిరిచ్చి దాచేదట. ఆ అత్త దాచింది, ఈ అవ్వ దాచింది. మళ్ళ ఎవరన్న అదే కావాలంటే పెట్టె తెరిచి, ఆ ముక్క తీసి, పోగులు లెక్కపెట్టి మళ్ళ కట్టేది. రోజుకు పది సార్లు తెరిచేది అందుకు.

"మరి అసొంటి పెట్టెను ఎందుకు అమ్మితివి అవ్వా?"

"దీంట్ల కనవడతయ్," అన్నది ప్లాస్టిక్ డబ్బను తట్టుకుంట. "దాంట్లనైతే ముక్క కావాలంటే మొత్తం కెలకాలె. కండ్లు పోయినయ్ నాకు. ఇది ఎత్తి వెలుగుకు పెడితే తెలుస్తది, ఏనుగు ఎక్కడున్నదో." తర్వాత ఆమెనే అడిగింది, "మీ మేడం ఏం పెడ్తదట దాంట్ల?"

"ఏం పెట్టదట."

"ఏం పెట్టనిదానికి పెట్టె ఎందుకు?"

ఇన్నినెలలు నేను ఒక్కదాన్నే అడుగుతున్న అనుకున్న మాట ఇంకొకరి నోట్లకెళ్ళి వచ్చేసరికి నాకు నవ్వాగలే. అవ్వ కూడ నవ్వింది. "వస్తది కదా ఆదివారం, అడుగు," అన్నది. "అడిగి నాకు ఫోన్ చెయ్. ఊకె ఉండకు."

నేను దుకాణానికి వచ్చేసరికి పొద్దు వాలింది. అన్న ఒక చిన్న సీసా, కుంచె పట్టుకొని కూసున్నడు. పెట్టె మళ్ళ నల్లగైంది. ఇత్తడిని నల్లగ చేసే మందు ఉంటదట, హైదరాబాద్ నుంచి తెప్పిచ్చిండు. మందు ఆరినంక పాలిష్ రుద్దిండు. దూరం నుంచి చూస్తే పాతదే అనిపిస్తది.

"జత లేదన్నా," అని చెప్పిన.

"లేకుంటె పాయె. అయిపోయింది, చూడు. నువ్వు మాత్రం ఆదివారం నోరు తెరవకు."

దగ్గరికి పోయి చూసిన. నలుపు అంత ఒక్క తీరుగ ఉన్నది. అవ్వ వాళ్ళ చేతుల నలుపు గొళ్ళెం కాడ ఎక్కువ, మూలలకు తక్కువ ఉంటుండె, పట్టుకునే జాగ కాడ ఎర్రగ ఉంటుండె. ఇది మూల మూలకు సమానంగ, బొగ్గు బస్తల ముంచి తీసినట్టుంది. ఆ మాట అనలే. నా కొలువు కోసం ఆయన చేసిండు అది. వణికే చేతులతోని ఆ సన్న గీతల మీద కుంచె పెట్టుడు ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు.

ఆదివారం పదకొండు కొట్టంగ మేడం వచ్చింది. అరవై ఏండ్లుంటయ్. నేత చీర, మెడల నల్ల దారానికి ఒక పూస, గంతే. సొమ్ముల పెట్టెలు నూరు ఉన్నామె చెవులకు కమ్మలు కూడ చిన్నయే. అన్న ఇస్త్రీ అంగీల నిలబడి పెట్టెను నా చేతికి ఇచ్చి, ఆమె ముంగట పెట్టమన్నట్టు సైగ చేసిండు.

ఆమె మొదలు మూత చూడలే. తెరిచి, ముక్కు దగ్గరపెట్టి వాసన చూసింది. లోపల అడుగుల వేలు పెట్టి రాసింది. నేను కూడ పెట్టె తెరిచినప్పుడల్ల ముక్కు దూర్చి వాసన చూస్త, గట్లనే.

"మేడం," అని పిలిచిన. అన్న నా దిక్కు కోపంగ చూసిండు. "మీరు ఇవి కొనుక్కపోయి లోపల ఏం పెడ్తరు?"

ఆమె ఆశ్చర్యపోలే. "ఏమీ పెట్టనమ్మా. పొద్దున్నే కాఫీ తాగుతూ ఒకటి తెరుస్తాను. ఇందులో ఎవరు చెయ్యి పెట్టి ఉంటారు, ఏం తీసుకుని ఉంటారు అనుకుంటాను. మళ్ళీ మూస్తాను. అంతే. పిచ్చి అంటారు మా ఇంట్లో."

ఆమె చేసేది, నేను రోజు ఈ షెడ్డుల చేసేది ఒక్కటే. ఆమె ఈ పెట్టెను తీసుకపోయి రేపు పొద్దుగాల కాఫీ తాగుకుంట, ఈ నలుపు ఎవలి చేతులది అనుకుంటది. ఆ చేతులు మా అన్నవి, ఒక సీసవి. అది ఆమెకు తెల్వకుండ పోవుడు నాకు మనసొప్పలే. అన్న దిక్కు చూడకుండ చెప్పిన.

"మేడం, ఆ నలుపు అసలుది కాదు. అసలుదాన్ని నేను చింతపండు, ఇటుక పొడి పెట్టి తోమేసిన. తెల్వక చేసిన. లోపల మాత్రం ముట్టలే. లోపల ఉన్నదంత వాళ్ళదే."

మేడం రుమాలు తీసి మూత మీద రుద్దింది. రుమాలుకు నల్లగ అంటింది. అన్న తల వంచుకున్నడు.

"వాళ్ళది అంటే ఎవరిది?" అని అడిగింది మేడం.

నేను అవ్వ గురించి చెప్పిన. నూనె రుమాళ్ళు, రంగుల గోర్లు, అగ్గిపెట్టె అంత ముక్కలు, ఒళ్ళె గుమ్మరిచ్చిన ఏనుగులు, ప్లాస్టిక్ డబ్బ. మేడం కూసున్నది. మధ్యల అడుగుతనే ఉన్నది, "మొదటి చీరకేనా కత్తిరించేది? అత్తగారు కూడానా?" అనుకుంట. ప్లాస్టిక్ డబ్బల కనవడతయని అమ్మిందంటే కండ్లల్ల నీళ్ళు వచ్చేటట్టు నవ్వింది. తర్వాత పెట్టె లోపల మూల నుంచి ఆ ఎర్ర నూలు పోగును గోటితోని లేపి, చూసి, మళ్ళ అక్కడనే పెట్టింది.

లేచి, "చెప్పినందుకు సంతోషం," అన్నది నాతోని. అన్నతోని, "ఇది వద్దండి. మళ్ళీ వస్తాను," అన్నది. కారు పోయింది.

అన్న టిఫిన్ డబ్బ కూడ తెరవకుండ కూసున్నడు. నేను రాకు మొత్తం తుడిచిన. చివరిసారి అనుకొని తుడిచిన. పాట పెట్టె చాబీ కూడ తిప్పలే. సాయంత్రం పోతున్న అని చెప్తే తల ఊపిండు, రా అనలే, వద్దు అనలే.

సోమవారం పొద్దుగాల మా కోడలు అన్నం డబ్బ కట్టుకుంట అడిగింది, "ఇది దుకాణానికా అత్తమ్మా, ఊకె పొలం గట్టు మీద కూసొని తినేటందుకా?"

"నాకు తెల్వదు," అన్న.

"తెల్వకుంటె పోయి తెలుసుకో. పచ్చిపులుసు మాత్రం కట్టలే. చింతపండు చూస్తే మీ అన్న భయపడతడు."

పోయిన. షెడ్డు తెరిచే ఉన్నది. అన్న పాత అంగీల కూసొని, గ్యాసునూనె గుడ్డతోని ఆ పెట్టె మీది నల్ల మందును తుడుస్తున్నడు. సగం తేలింది. ఇత్తడి మెరుపు, నడుమ నలుపు, మచ్చలు మచ్చలుగ ఉన్నది. నా దిక్కు చూడకుండనే మాట్లాడిండు.

"పదేండ్ల సంది వస్తది ఆమె ఇక్కడికి. నేను టేకు అని చెప్త, జిట్రేగి అని చెప్త, ఎన్నేండ్లదో చెప్త. ఒక్కనాడు కూసోలే. నీ ముచ్చట అర్ధగంట విన్నది."

"కొనలే కదన్నా."

"కొనలే. పొద్దున ఫోన్ చేసింది. టేకు పెట్టె ఉన్నది చూడు, అద్దం పోయింది, దాని గురించి ఏమన్న తెలుసా అని అడిగింది. నాకేం తెలుసు? ఎక్కడ తెచ్చిన్నో ఊరు యాది ఉన్నది, గంతే." టేబుల్ మీద నుంచి ఒక నోటుబుక్కు, పెన్ను నా దిక్కు తోసిండు. "నీకు రాసుడు వస్తదా, చదువుడే వస్తదా?"

"మెల్లగ వస్తది."

"మెల్లగనే రాయి. ఏ ఊరిది, ఎవలిది, ఏం దాచిండ్రు, లోపల ఏం దొరికింది. తెలిసిందే రాయి, తెల్వకుంటె పోయి అడుగు. పెట్టెకొక చీటీ. తోముడు బంద్. చింతపండు ఈ గడప తొక్కకూడదు."

ఆయన ఉండమన్నడో పొమ్మన్నడో నాకు అర్థమయ్యేసరికి జరసేపు పట్టింది. కుర్చీ గుంజుకొని కూసున్న. మొదటి చీటీ ఆ పోచంపల్లి పెట్టెకే. ఊరి పేరు తొందరగ వచ్చింది, బస్సు బోర్డు మీద చూసిందే కదా. 'నూనె రుమాలు' దగ్గర ఆగిన, కోడలికి ఫోన్ చేసి అడిగిన. అవ్వకు కూడ ఫోన్ చేసి మేడం చెప్పిన జవాబు చెప్పిన. "కాఫీ తాగుకుంటనా?" అన్నది అవ్వ. "చేతి పని లేనట్టున్నది పాపం. వస్తే తీసుకరా, చిటికి కట్టుడు నేర్పుత." అది కూడ రాద్దామనుకున్న, కని చీటీల జాగ సాలలే.

మధ్యాహ్నం దాటింది. ఆరు లైన్లు అయినయ్.

"అన్నా, తోమింది నేనని కూడ రాయాల్నా?"

అన్న గుడ్డ ఆపి ఆలోచించిండు. "రాయి. అది కూడ ఆ పెట్టెకు అయ్యిందే కదా."

"నల్ల మందు పూసింది?"

"అది వద్దు."

నేను పెన్ను అట్లనే పట్టుకొని ఆయన దిక్కు చూసిన. ఆయన పెట్టె దిక్కు, మచ్చల దిక్కు చూసిండు. ఎంత తుడిచినా ఆ నలుపు చిలుకల రెక్కల సందుల నుంచి పోతలేదు.

"సరే, రాయి," అన్నడు. "పేరు మాత్రం పెట్టకు."